పాత హెచ్‌పీ-25 దొరికితే ముందు ఛార్జర్ పెట్టకండి

1975లో వచ్చిన హెచ్‌పీ-25 ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్ మీ చేతికొస్తే, పనిచేస్తోందో లేదో చూద్దామని వెంటనే ఛార్జర్ గుచ్చకండి. అందులో ఛార్జర్ నుంచి వచ్చే వోల్టేజీని అదుపులో ఉంచేది బ్యాటరీ ప్యాకే. ప్యాక్ తీసేసి ఉన్నా, లోపలి సెల్స్ చచ్చిపోయి ఉన్నా ఆ వోల్టేజీ నేరుగా సర్క్యూట్ మీద పడి చిప్పులు కాలిపోవచ్చు. అవి పోతే కొత్తవి దొరకవు.

ప్యాక్‌లో ఉండేవి రెండు ఏఏ సైజు నికెల్ కాడ్మియం సెల్స్. వాటి బదులు రెండు రీఛార్జబుల్ ఏఏ సెల్స్ బయట ఛార్జ్ చేసి వేసుకుంటే సరి, పాత ఛార్జర్‌తో పనే లేదు. కాంటాక్టుల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే దూదిపుల్లకు కాస్త వెనిగర్ అద్ది తుడవండి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి పూర్తిగా ఆరనివ్వండి.

ఆన్ చేశాక సమానం గుర్తు మీట కనపడలేదని కంగారు పడొద్దు, అసలు ఉండదు. 2, ఎంటర్, 3, ప్లస్ నొక్కితే 5 రావాలి. ప్రోగ్రామ్ 49 స్టెప్పుల వరకూ రాసుకోవచ్చు గానీ ఆఫ్ చేస్తే మొత్తం చెరిగిపోతుంది. ఆపినా గుర్తుండేది 25సీ మోడల్‌లోనే.