చిన్న ట్రాక్టరుతో తోట సేద్యం – మూడో పాఠం: ముందు గొర్రు, తరువాతే రోటవేటర్

ట్రాక్టరు వెనుక ఉండే మూడు లింకులు, హైడ్రాలిక్ లిఫ్టు, ఇంజను శక్తిని పనిముట్టుకు అందించే పీటీఓ షాఫ్టు ఎలా పనిచేస్తాయో రెండో పాఠంలో తెలుసుకున్నాం. వాటికి ఏ పనిముట్టు తగిలించాలో నిర్ణయించుకోవడం ఈ పాఠంలో నేర్చుకుందాం. విశాఖపట్నం చుట్టుపక్కల ఆనందపురం, పద్మనాభం, భీమునిపట్నం, పెందుర్తి వైపు రెండు మూడు ఎకరాల లోపు కూరగాయలో, పూలో, మామిడి మొక్కలో పెంచుకుంటూ, 18 నుంచి 25 హెచ్‌పీ ట్రాక్టరు కొన్నవారిని, కొనబోతున్నవారిని దృష్టిలో పెట్టుకొని దీన్ని రాస్తున్నాను.

ట్రాక్టరుతో పాటే చాలామంది మొదట రోటవేటర్, అంటే పీటీఓతో గిరగిరా తిరిగే కత్తులతో మట్టిని చిలికే పనిముట్టు, కొంటారు. ఒక్కసారి తిప్పితే నేల పిండిలా మారి కంటికి ఇంపుగా కనబడుతుంది కాబట్టి ఆ మోజు సహజమే. అయితే మన ఎర్ర నేలలకు మొదట కావలసింది గొర్రు (కర్రుల వరుసతో నేలను గీరే కల్టివేటర్) అని, రోటవేటర్ దాని తరువాత రావలసినదని నా నిశ్చితాభిప్రాయం.

ఎర్ర గరప నేలల్లో ఇసుక పాలు ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ. అందుచేత మట్టి గడ్డలను పట్టి ఉంచే జిగురు తక్కువగా ఉంటుంది. రోటవేటర్ కత్తులు ఉన్న కాస్త గడ్డలను కూడా పొడి చేస్తే, మొదటి జోరు వానకు ఆ పొడి కరిగి సందులన్నీ పూడిపోయి, మర్నాడు ఎండ కాయగానే పైపొర అట్టకడుతుంది. బెండ మొలక ఆ అట్టను తలతో ఎత్తి పగలగొట్టుకొని పైకి రాగలదు గాని, తోటకూర వంటి సన్న గింజల మొలకలు దాని కిందే మెలిదిరిగి, పాలిపోయి చచ్చిపోతాయి. మొలక రాని చోట అట్టను గోటితో ఎత్తి చూడండి. తెల్లని సన్న కాడలు అడ్డంగా పాకి కనబడతాయి. విత్తనం మంచిది కాదని దుకాణదారును నిందించేముందు ఈ పరీక్ష చేయడం న్యాయం.

వాలు నేలల్లో మరో ప్రమాదం ఉంది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను చూసినవారికి, పట్టు లేని ఎర్ర ఇసుకను వాన నీరు ఎంత లోతుగా కోయగలదో వేరే చెప్పనక్కరలేదు. కొండ అంచున ఉన్న తోటను జూన్ వానలకు ముందు పిండి చేసి వదిలేస్తే పైమట్టి వాగులో (గెడ్డలో) కలుస్తుంది. గొర్రుతో వాలుకు అడ్డంగా దున్నితే, మిగిలిన గడ్డలూ చాళ్ళూ నీటిని నిలిపి లోపలికి ఇంకిస్తాయి.

ఇక గొర్రు ఎంపిక. ఈ శక్తి గల ట్రాక్టరుకు ఐదు కర్రుల గొర్రు సరిపోతుంది. నేల తేలికగా ఉంటే ఏడు కర్రులదీ లాగుతుంది. కంకర, రాళ్ళు, పాత జీడిమామిడి వేర్లు ఉన్న నేలలో స్ప్రింగులు గల గొర్రే తీసుకోండి. కర్రు రాయికి తగిలినప్పుడు స్ప్రింగు సాగి కర్రు వెనక్కి ఒదిగి, రాయి దాటాక మళ్ళీ తన చోటికి వస్తుంది. స్ప్రింగు లేని గొర్రు లోతు నిలకడగా ఇస్తుంది గాని, రాతి నేలలో కర్రు వంగడమో, ఫ్రేము వెల్డింగు విడిపోవడమో తప్పదు.

రోటవేటర్ కొనేటప్పుడు హెచ్‌పీ కంటే ముందు వెడల్పు చూడాలి. ట్రాక్టరు వెనుక చక్రాల బయటి అంచు నుంచి బయటి అంచు వరకు టేపుతో కొలవండి. పనిముట్టు ఆ కొలతకు తక్కువైతే, మీరు గుల్ల చేసిన మట్టినే తరువాతి చాలులో చక్రం తొక్కి గట్టి చేస్తుంది. మరీ ఎక్కువైతే ఇంజను మొరాయిస్తుంది. 24 హెచ్‌పీ ట్రాక్టరుకు సాధారణంగా మీటరు నుంచి 1.2 మీటర్ల మధ్య వెడల్పు సరిపోతుంది. మన గరప నేలలకు ఎల్ ఆకారపు కత్తులు చాలు. సి ఆకారపువి తడి బంక నేలలకు ఉద్దేశించినవి. రోటవేటర్ వెనుక పలకను కొంచెం ఎత్తి, పీటీఓను నిమిషానికి 540 చుట్ల వద్ద ఉంచి, ట్రాక్టరును కాస్త వేగంగా నడిపితే గడ్డలు మరీ పొడి కావు. ఏటా ఒకే లోతులో తిప్పితే కత్తుల కింద గట్టి పొర ఏర్పడుతుందని కూడా గుర్తుంచుకోండి. దాన్ని గొర్రుతో, నేల పొడిగా ఉన్నప్పుడు, పగలగొట్టాలి.

పాత పనిముట్టు చవకగా దొరికితే, దాన్ని లింకులకు తగిలించే పిన్నుల మందం కొలవకుండా బయానా ఇవ్వకండి. చిన్న ట్రాక్టర్లకు ఉండే మొదటి తరగతి (కేటగిరీ 1) లింకులకు కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, పై పిన్ను 19. పెద్ద ట్రాక్టర్ల రెండో తరగతిలో అవి 28, 25. చిన్న ట్రాక్టర్లలో కింది లింకుల మధ్య ఎడం కూడా తక్కువ ఉండవచ్చు.

రెక్క నాగలి కలుపు పట్టిన బీడును మొదటిసారి తిరగవేయడానికే అవసరం, అద్దెకు తెచ్చుకోండి. బోదె నాగలి కూరగాయలకు పనికొస్తుంది, దాని గురించి ఆరో పాఠంలో చూద్దాం. సముద్రం దగ్గరి ఇసుక నేలల్లో పశువుల ఎరువు కలపడానికి తేలికపాటి గొర్రు మించి ఏదీ అక్కరలేదు.

పనిముట్టు సరైనదైనా నేల పదును, అంటే దున్నడానికి తగిన తడి, చూడకపోతే శ్రమ వృథా. పది సెంటీమీటర్ల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి ఉండ చేసి, నడుము ఎత్తు నుంచి వదలండి. నాలుగైదు ముక్కలుగా విరిగితే దున్నవచ్చు. చేతిలోనే ఉండ కట్టకపోతే ఎండిపోయింది, కింద పడి అప్పచ్చిలా అతుక్కుంటే తడి ఎక్కువ. మే నెల జల్లుల తరువాత ఈ పదును ఎక్కువ కాలం నిలవదు. ట్రాక్టరును ముందే సిద్ధంగా పెట్టుకోవాలి.

వచ్చే పాఠానికి ముందు అడుగు వెడల్పు, అడుగున్నర లోతు గొయ్యి తవ్వి, దాని గోడను కత్తి మొనతో పై నుంచి కిందికి పొడుస్తూ, కత్తి ఎక్కడ దిగడం ఆగుతుందో కొలిచి రాసుకోండి. దాని పక్కనే చక్రాల వెడల్పు, పిన్నుల కొలత, రాళ్ళ పరిమాణం రాయండి. టాప్ లింకుతో (మూడు లింకుల్లో పైదానితో) గొర్రు లోతును సర్దడం నాలుగో పాఠంలో ఆ కొలతలతోనే మొదలవుతుంది.