‘మా ఊళ్లో ఈ ఫార్మాట్ నడవదు’ అనే ముందు: ఎఫ్‌ఎం స్టేషన్ సమస్యలు - పరిష్కారాలు

"మా ఊళ్లో పాత పాటలు నడవవు సార్, ఫార్మాట్ మార్చేద్దాం." మధ్యస్థాయి ఊళ్ల ఎఫ్‌ఎం స్టేషన్ల నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఇలాగే మొదలవుతాయి. ఫార్మాట్ అంటే స్టేషన్ ఏ రకం పాటలు వేయాలన్న పద్ధతి. పాతవి వేసేవాళ్లు కొత్తవాటికి మారదామంటారు, కొత్తవి వేసేవాళ్లు పాతవాటికి. నేను అడిగేది ఒకటే: "మీ స్టేషన్ని స్టూడియోలో కాకుండా బయట ఎక్కడైనా, రోజూ ఒకే టైముకి, వరసగా ఐదు రోజులు విన్నారా?" అవతలి నుంచి కాసేపు మాట రాదు. తర్వాత "డ్రైవ్‌లో అప్పుడప్పుడూ వింటూనే ఉంటాం సార్" అంటారు. అంటే వినలేదని.

విజయవాడ, రాజమండ్రి, తిరుపతి, వరంగల్ లాంటి ఊళ్లలో ఈ పొరపాటు మరీ ఎక్కువ జరగడానికి కారణం ఉంది. రేడియో రేటింగులంటూ మన దేశంలో లెక్కపెట్టిన ‘ర్యామ్’ సర్వే ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, బెంగళూరు, ఈ నాలుగు నగరాలకే పరిమితం. మన ఊళ్లకి వారం వారం వచ్చే అంకె ఏదీ లేదు. కాబట్టి ఫార్మాట్ ఆడుతోందా లేదా అన్నది సేల్స్ మేనేజర్ మూడ్ మీద, ఓనరు గారి బావమరిది కారులో విన్న రెండు పాటల మీద ఆధారపడి ఉంటుంది. 2024 ఆగస్టులో 234 కొత్త ఊళ్లలో 730 ఛానళ్ల వేలానికి కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. ఆ జాబితాలో కాకినాడ, కర్నూలు, ఏలూరు, కరీంనగర్, ఖమ్మం, నిజామాబాద్ కూడా ఉన్నాయి. అక్కడ స్టేషన్ పెట్టాలనుకునేవాళ్లు కూడా ఇది చదువుకోవచ్చు.

క్లాక్ వేయడం (గంటలో ఏది ఎప్పుడు పడాలో గీసుకోవడం), కేటగిరీలు పెట్టడం (పాటల్ని గుంపులుగా విడదీయడం), లాగ్ తీయడం (ఏ పాట ఎప్పుడు పడిందో జాబితా తీయడం) మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

లక్షణం: వినేవాళ్లున్నారు, యాడ్లు లేవు

కాంటెస్టు పెడితే వాట్సాప్ నిండిపోతుంది. కాలేజీ పిల్లలు ఆర్జేతో సెల్ఫీలు దిగుతారు. నెలాఖరుకి సేల్స్ షీట్ చూస్తే ఖాళీ.

ముందు మీ ఊళ్లో రేడియోకి డబ్బిచ్చేది ఎవరో కాగితం మీద రాయండి. విజయవాడ బీసెంట్ రోడ్డులోనో రాజమండ్రి తాడితోటలోనో బట్టల షాపులు, నగల షాపులు, ఆస్పత్రులు, జూన్‌లో కాలేజీలు, ఏడాదంతా రియల్ ఎస్టేట్. ఆషాఢం సేలుకి చీర కొనేది, శ్రావణానికి నగ చూసేది, పిల్లాణ్ని ఏ కాలేజీలో వేయాలో తేల్చేది ఎవరు? ముప్ఫై దాటిన ఆడవాళ్లు, నలభై దాటిన సంసారులు. మీరు వేసేదేమో నిన్నగాక మొన్న విడుదలైన పాటలు, ఇరవై ఏళ్ల కుర్రాడి కోసం.

హిట్స్ ఫార్మాట్ చెడ్డదని కాదు. మూడు నాలుగు ప్రైవేటు స్టేషన్లున్న ఊళ్లో ఒక హిట్స్ స్టేషన్ బాగానే బతుకుతుంది. రెండోది ఈడుస్తుంది. మూడోది ఎందుకు పెట్టారో పెట్టినవాళ్లకే తెలియాలి. మీరు రెండోవాళ్లో మూడోవాళ్లో అయితే 1990ల నుంచి 2010 దాకా పాటలు వెన్నెముకగా పెట్టుకుని, కొత్త పాటలు గంటకి మూడు నాలుగు కలపండి. ఆ ముప్ఫై, నలభై దాటినవాళ్లు చిన్నప్పుడో కాలేజీలోనో విన్న పాటలు అవే. మధ్యస్థాయి ఊళ్లో నేను ధైర్యంగా పూచీ ఇవ్వగల ఫార్మాట్ ఇదొక్కటే.

లక్షణం: పొద్దున బాగుంటుంది, ఏడు దాటితే జనం జారిపోతారు

భక్తి పాటల్ని లాగుతున్నారేమో చూడండి. ఆకాశవాణి భక్తిరంజనితో తెల్లవారే అలవాటు మన ఇళ్లలో తరాల నాటిది, దాన్ని వాడుకోవాల్సిందే. కానీ ఐదు నుంచి ఏడు దాకా చాలు. ఏడున్నరకి స్కూలు బ్యాగు సర్దే ఇంట్లో సుప్రభాతం నడవదు. శనివారం తిరుపతిలోనూ, దసరా పది రోజులు విజయవాడలోనూ ఇంకో అరగంట ఇవ్వండి.

తప్పు భక్తి పాటలది కాకపోతే నెట్‌వర్క్‌ది. ఏడింటి నుంచి హైదరాబాద్ ఫీడ్, అంటే అక్కడి స్టేషన్ ప్రసారాన్నే ఎత్తుకునే స్టేషన్లున్నాయి. వరంగల్‌లో వర్షం కురుస్తుంటే ఆర్జే గచ్చిబౌలి ట్రాఫిక్ చెబుతుంటాడు. ఖర్చు తగ్గించాలంటే పదకొండు నుంచి నాలుగు దాకా ఫీడ్ పెట్టుకోండి, పొద్దున ఏడు నుంచి పదకొండు, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది మాత్రం ఊరి మనిషే మాట్లాడాలి. ప్రైవేటు స్టేషన్లు వార్తలు చెప్పకూడదు కదా అంటారు. ఆకాశవాణి బులెటిన్ని ఉన్నదున్నట్టు ప్రసారం చేయడం తప్ప సొంత వార్తలు కూడదు, నిజమే. కానీ ట్రాఫిక్, వాతావరణం, కరెంటు కోత, నీళ్ల సరఫరా, పరీక్ష ఫలితాలు, అడ్మిషన్లు, ఉద్యోగాలు, ఊరి ఉత్సవాలు, వరద హెచ్చరికలు వార్తల కిందకి రావని ప్రభుత్వ ఎఫ్‌ఎం పాలసీలోనే ఉంది. ఊరివాడు రేడియో పెట్టేది సగం వీటి కోసమే. ఫలానా కాలనీకి ఈ పూట నీళ్లు రావని చెప్పిన ఆర్జేని జనం గుర్తుపెట్టుకుంటారు.

లక్షణం: "ఎప్పుడూ అవే పాటలు"

ఇదే నన్ను రెండుసార్లు ముంచింది. కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

కోస్తాలో ఒక ఊరు. పాత పాటల స్టేషన్. ఓనరు విసిగిపోయి హిట్స్‌కి మారిపోదామని పిలిచారు. ప్రోగ్రామింగ్ హెడ్ లాప్‌టాప్ తిప్పి చూపించాడు: ప్రధాన కేటగిరీలో 240 పాటలు, గంటకి ఐదు. "రెండు రోజుల దాకా ఒక్క పాట రిపీట్ అవదు సార్. ఇంకా అవే పాటలంటే ఎలా? అసలు వీళ్లకి పాత పాటలే పడవు." లెక్క కరెక్టే. నేనూ తలూపాను.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి స్టేషన్ సందు మొదట్లో టిఫిన్ బండి దగ్గర నిలబడ్డాను. పెనం పక్కన నూనె జిడ్డు పట్టిన రేడియో, మా స్టేషనే. పాట అవుతోంది. దోసె తిప్పుతూ అతను, "ఇప్పుడు ఘంటసాలది వస్తుంది చూడండి" అన్నాడు. వచ్చింది. "దీని తర్వాత సుశీలమ్మది." అదీ వచ్చింది. ఎలా తెలుసని అడిగాను. "నిన్నటివి కావు. మొన్నటివి ఇవాళ వేస్తారు, నిన్నటివి రేపు వేస్తారు. మీరు కొత్తా?"

లెక్క చూడండి. గంటకి ఐదు పాటలంటే రోజుకి 120. కేటగిరీలో 240. అంటే సరిగ్గా 48 గంటలకి చుట్టు పూర్తవుతుంది. సోమవారం ఎనిమిదింటికి పడ్డ ఐదు పాటలు బుధవారం ఎనిమిదింటికి పడతాయి, శుక్రవారం ఎనిమిదింటికి పడతాయి. రోజంతా వినేవాడికి 240 పాటలు. రోజూ ఎనిమిది నుంచి తొమ్మిది దాకా వినేవాడికి ఎన్ని? పది. ఐదు ఇవాళ, ఐదు రేపు, అంతే. ఇక మన శ్రోత ఎప్పుడు వింటాడు? షట్టర్ ఎత్తేటప్పుడు, ఆటో తీసేటప్పుడు, వంట చేసేటప్పుడు. రోజూ అదే టైము.

పాటల వరస వేసే సాఫ్ట్‌వేర్ చేసేది పేకాటలో కట్ట తీసినట్టే. పైనుంచి ఒక్కో పాట తీస్తుంది, వాడినదాన్ని అడుగున పెడుతుంది. ఒకే గొంతు పక్కపక్కన పడకుండా అక్కడక్కడ ఒకటి వెనక్కి నెడుతుంది గానీ, కట్ట వరస పెద్దగా చెదరదు. మరి కట్టలో పాటల సంఖ్య రోజు లెక్కకి సరిగ్గా సరిపోతే రోజులు కూడా వరసగా అవే వస్తాయి.

దీనికంటే ముందు చిన్న కట్టలో ఇదే చూశాను. హిట్స్ స్టేషన్, పవర్ కేటగిరీలో (అన్నిటికంటే ఎక్కువ తిప్పే పాటల్లో) 24 పాటలు, గంటకి నాలుగు. ఆరు గంటలకో చుట్టు. ఎనిమిదింటి పాట మధ్యాహ్నం రెండింటికి, రాత్రి ఎనిమిదింటికి, అర్ధరాత్రి రెండింటికి, మళ్లీ మర్నాడు ఎనిమిదింటికి. అప్పుడు ‘నిన్న ఇదే గంటలో వచ్చిన పాట ఇవాళ రాకూడదు’ అనే రూల్ ఆన్ చేసి, పని అయిపోయిందనుకున్నాను. ఈ పాత పాటల స్టేషన్లోనూ ఆ రూల్ ఆన్‌లోనే ఉంది. అది నిన్ననే చూస్తుంది, మొన్నని చూడదు. అందుకే అక్కడ నేను మొదట బొక్కబోర్లా పడ్డాను.

పరిష్కారం రూపాయి ఖర్చు లేనిది. కట్టలో అంకె మార్చండి. 24ని 25 చేస్తే ఎనిమిదింటి పాట మర్నాడు తొమ్మిదింటికి, ఎల్లుండి పదింటికి జరుగుతుంది. ఎనిమిది గంటల శ్రోతకి ఆరు రోజుల్లో 24 వేర్వేరు పాటలు అందుతాయి. 23 చేసినా సరే, గంట వెనక్కి జరుగుతుంది. 240కి ఏడు కలిపి 247 చేయండి. సోమవారం ఎనిమిదింటి పాట బుధవారం 9:24కి పోతుంది, శుక్రవారం 10:48కి. రెండు మూడు కలిపి ఊరుకోకండి. గంటకి ఐదు పాటలు వేస్తున్నప్పుడు జరుగుడు ఐదైనా ఉండాలి, లేకపోతే ఆ గంటలోనే పాట అటూ ఇటూ కదులుతుంది గానీ బయటికి పోదు.

ఇంకో మెలిక. రాత్రి పన్నెండు నుంచి ఆరు దాకా పగటి రికార్డింగే తిరిగి వేసే స్టేషన్లు చాలా ఉన్నాయి. అక్కడ కట్ట కదిలేది పద్దెనిమిది గంటలే. కాబట్టి లెక్క 24తో కాకుండా 18తో వేయాలి. గంటకి నాలుగంటే రోజుకి 72. 24 పాటల కట్ట దాంట్లోనూ మూడుసార్లు సరిగ్గా పడుతుంది, ఖర్మ! మనవాళ్లకి గుండ్రటి అంకెలు, డజన్ల లెక్కలు ఇష్టం. పాటలు ఎంచేటప్పుడు 24, 36, 240 అని ఆపేస్తారు. అక్కడే దొరికిపోతారు.

మీ స్టేషన్లో ఇది ఉందో లేదో తెలుసుకోడానికి ఇరవై నిమిషాలు చాలు. గత పద్నాలుగు రోజుల లాగుల్లోంచి పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఉన్న గంట ఒక్కటే తీసి ఎక్సెల్‌లో పక్కపక్క నిలువు వరసల్లో పెట్టండి. ఒక్కో పాటకి ఒక్కో రంగు వేయండి. రోజురోజుకీ రంగులు మారిపోతుంటే బాగున్నట్టు. ఒకే వరసలో రోజూనో, రోజు విడిచి రోజో అదే రంగు కనిపిస్తే ఫార్మాట్ జోలికి పోకండి. ఈ ఒక్క షీట్ చూడకుండానే ఆర్జేలని తీసేసిన, లోగో మార్చిన, ఊరంతా హోర్డింగులు పెట్టిన స్టేషన్లని చూశాను.

ఆ టిఫిన్ బండి దగ్గరికి నెల తర్వాత మళ్లీ వెళ్లాను. "ఇప్పుడు జానకమ్మది" అన్నాడు. బాలుది వచ్చింది. "ఈ మధ్య మార్చారండీ" అన్నాడు చట్నీ వేస్తూ.

లక్షణం: ఏవో ఇరవై పాటలు మాత్రం మరీ ఎక్కువ తిరుగుతున్నాయి

సింగర్ సెపరేషన్ ఎంత పెట్టారో చూడండి. ‘ఒకే గాయకుడి పాట అరగంట దాకా రాకూడదు’ అనే రూల్ వేరే భాషల స్టేషన్ల నుంచి కాపీ కొట్టి పెడతారు. తెలుగులో ఎనభైలు, తొంభైల కట్ట తీస్తే మగగొంతు అంటే చాలావరకు బాలసుబ్రహ్మణ్యమే. ఆయన్ని అరగంట ఆపితే సాఫ్ట్‌వేర్ బాలు లేని కొద్దిపాటి పాటల్నే పట్టుకుని తిప్పుతుంది. ఆయనకి ఆ రూల్ తీసేయండి. బదులుగా సంగీత దర్శకుడికి, సినిమాకి పెట్టండి. రెండు ఇళయరాజాలు వరసగా పడకుండా చూసుకుంటే చాలు.

మిగతావి

రోజంతా పాత పాటలు: నడుస్తాయి, ఖర్చు తక్కువ పెట్టుకుంటే. లేదంటే రాత్రి తొమ్మిది తర్వాతకి ఉంచండి, అక్కడ వాటికి తిరుగులేదు.

హిందీ పాటలు: విశాఖలో నేవీ, స్టీల్‌ప్లాంటు జనం ఉన్నారు, ఓ గంట ఇవ్వొచ్చు. నిజామాబాద్‌లోనూ పనికొస్తాయి. రాజమండ్రిలో వద్దు.

ఇంగ్లిష్ ఫార్మాట్: వద్దు.

రోజంతా మాటలు: వార్తలకి అనుమతి లేనంతకాలం అంతసేపు ఏం మాట్లాడతారు?

సిగ్నల్ తక్కువ, గరగర, ట్రాన్స్‌మిటర్ పవర్: అసలు కారణం ఇదయ్యేది నూటికి ఒకసారే. ఊరి నాలుగు మూలలా ఆటోలో తిరిగి వినండి, ఒక మూలే పోతుంటే ఇంజినీరుకి చెప్పండి.