కడప ఇంట్లో సముద్రపు తొట్టి

ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న సముద్రపు చేపల అద్దాల తొట్టిలో సుమారు 560 లీటర్ల నీరు పడుతుంది. అద్దం, రాళ్లు, ఇనుప స్టాండు కలిస్తే బరువు 700 కిలోలు దాటుతుంది. మేడ మీది గదిలో పెట్టే ఆలోచన మానండి. కింది గదిలోనైనా నాపరాతి బండలను ముందు తట్టి చూడండి. గుల్లగా మోగితే బండ తీసి, అడుగున గట్టి చేయించాల్సిందే.

బోరు నీళ్లు పనికిరావు. ఆర్వో ఫిల్టరు, ఆపై మిగిలిన లవణాలను తీసే డీఐ ఫిల్టరు దాటి, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరులో సున్నా చూపిన నీటిలోనే, లీటరుకు సుమారు 35 గ్రాముల లెక్కన, అక్వేరియం ఉప్పు మిశ్రమం కలపాలి. వంటింటి ఉప్పుతో పని జరగదు, మా బావమరిది ఎంత వాదించినా సరే.

అసలు శత్రువు మే నెల. బయట 42 డిగ్రీలున్నా తొట్టి నీరు 26 దగ్గర నిలవాలి. మన పొడిగాలిలో నీటిపైకి తిప్పిన ఫ్యాను రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తుంది. మిగతాది శీతలీకరణ యంత్రం చూసుకోవాలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. అందుకే రోజూ తగ్గినంత మేర ఉప్పు కలపని శుద్ధ నీరే పోయండి. కరెంటు పోతే నీటిని కదిలించే అలల పంపు ఆగి, నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. టీవీ కన్నా ముందు దాన్ని ఇన్వర్టరుకు కలపండి.

సిరామిక్ రాళ్లు పేర్చాక వాటిపై మేలు చేసే సూక్ష్మజీవులు పెరిగి, చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు చేరేదాకా చేపలు వద్దు. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తర్వాత ఒక జత క్లౌన్ చేపలు చాలు. దిబ్బలు కట్టే రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ ఉన్న జీవుల జాబితా అయిన మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఎవరైనా చాటుగా అమ్మజూపితే బేరం కూడా ఆడకుండా వచ్చేయండి.