ఎండ పడే చిన్న పెరటిని మార్చే ముందు జాగ్రత్తలు

కుండీలు కొనకముందే ఒక రోజంతా గమనించి, పెరట్లో ఏ మూలకు ఉదయపు ఎండ, ఏ మూలకు పడమటి ఎండ తగులుతుందో గుర్తు పెట్టుకోవాలి.

పక్కింటి కిటికీలకు చాటుగా చెట్లు నాటదలచినవారు, త్వరగా దట్టమవుతుందన్న ఆశతో కోనోకార్పస్‌ను దయచేసి ఎంచుకోవద్దు. దాని వేళ్లు నీటి గొట్టాల్లోకి, మురుగు కాలువల్లోకి చొచ్చుకుపోతాయి, గుజరాత్ ప్రభుత్వమైతే 2023లో దాన్ని నాటడాన్నే నిషేధించింది. నిటారుగా పెరిగే నరమామిడి మేలు. అదైనా ప్రహరీకి కనీసం 4 అడుగుల ఎడంగా ఉండాలి.

నల్ల ప్లాస్టిక్ కుండీ మే నెల మధ్యాహ్నం చెయ్యి ఆనించలేనంతగా కాలి, అంచుకు చేరిన లేత వేళ్లను మాడ్చేస్తుంది కనుక, బరువైనా మట్టి కుండీలనే తీసుకోవాలి. అడుగు రంధ్రంపై పెంకు ముక్క బోర్లించి, కుండీని ఇటుకల మీద నిలపాలి. నాట్లు తొలకరి దాకా ఆపాలి.