ఎదురుమాట మన దాకా రావాలంటే: ఒక తాంగ్ చక్రవర్తి ఏర్పాట్లు, మా బడిలో వాటి అమలు

పెద్ద కుర్చీలోకి వెళ్లిన కొద్ది రోజులకే ఒక తేడా తెలుస్తుంది. నిన్నటి దాకా స్టాఫ్‌రూములో మనతో గట్టిగా వాదించినవాళ్లే ఇప్పుడు ఏం చెప్పినా "అలాగే మేడమ్, బాగుంది మేడమ్" అంటారు. మెమో ఇచ్చే అధికారం ఎవరి చేతిలో ఉంటుందో వాళ్లకు నిజం అందరికంటే చివర్న చేరుతుంది. బడిలో హెచ్.ఎం. అయినా, బ్యాంకులో మేనేజరైనా, సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్ అయినా ఇదే పరిస్థితి.

నేను చాలా ఏళ్లు సోషల్ చెప్పి, తర్వాత గుంటూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకి హెచ్.ఎం.గా వెళ్లాను. ప్రాచీన చైనా జ్ఞానం అనగానే చాలామందికి కన్ఫ్యూషియస్ సూక్తులో, సున్‌జి యుద్ధనీతో గుర్తొస్తాయి. సూక్తి చదివిన పూట మనసుకి బాగానే ఉంటుంది కానీ, సోమవారం స్టాఫ్ మీటింగులో ఏం చెయ్యాలో అది చెప్పదు. నాకు అక్కరకొచ్చింది తాంగ్ వంశపు రెండో చక్రవర్తి తైజోంగ్ దర్బారు. ఆయన పాలించింది 626 నుంచి 649 దాకా. మంత్రులతో ఆయన సాగించిన సంభాషణలను ఎనిమిదో శతాబ్దం మొదట్లో వూ జింగ్ అనే చరిత్రకారుడు 'జెన్‌గ్వాన్ జెంగ్‌యావ్' పేరుతో 40 అధ్యాయాలుగా కూర్చాడు. తర్వాతి తరాల రాజులు దాన్ని పాఠ్యపుస్తకంలా చదువుకున్నారు. జపాన్‌లో తొకుగావా ఇయెయాసు 1600లో అచ్చు కూడా వేయించాడు.

తైజోంగ్ ధర్మరాజేమీ కాదు. రాజధాని చాంగాన్‌లో షువాన్‌వూ ద్వారం దగ్గర మాటు వేసి, యువరాజుగా ఉన్న సొంత అన్ననూ ఒక తమ్ముణ్ణీ చంపి, తండ్రిని గద్దె దింపి సింహాసనం ఎక్కినవాడు. అలాంటివాడి ముందు నోరు విప్పే ధైర్యం ఎవరికుంటుంది? ఆ సంగతి ఆయనకీ తెలుసు. అందుకే భయస్తుడు కూడా ఎదురుచెప్పగలిగేలా దర్బారులో కొన్ని ఏర్పాట్లు చేశాడు. వాటిలో మనం వాడుకోగలిగినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ముఖం

తైజోంగ్‌ది చూడగానే బెదిరించే రూపం. అధికారులు ఎదుటికి రాగానే కంగారుపడి చెప్పాల్సింది చెప్పలేకపోయేవారు. అది గమనించి, ఎవరైనా విన్నపంతో వస్తే ఆయన కావాలనే ముఖం ప్రసన్నంగా పెట్టుకునేవాడు. తప్పొప్పులు చెవిన పడాలంటే ఇది తప్పదని ఆయన లెక్క.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ కొత్తగా వచ్చిన టీచరు తలుపు దగ్గర నిలబడి "మేడమ్, ఒక్క మాట" అన్నప్పుడు మనం రిజిస్టర్లో సంతకాలు పెడుతూనే "చెప్పండి" అంటే, ఆ అమ్మాయి చెప్పాలనుకున్న దాంట్లో సగమే చెబుతుంది. పెన్ను కింద పెట్టండి. ఫోను బోర్లించండి. "కూర్చోమ్మా" అనండి. వాళ్లు ముగించేదాకా "కానీ" అనే మాట నోట్లోంచి రానివ్వకండి. మీ మొదటి జవాబు ఒక ప్రశ్న అయి ఉండాలి. నేను ఎక్కువగా అడిగేది "ఇది ఎన్నాళ్ల నుంచి జరుగుతోంది?" అని. దానికొచ్చే జవాబులోనే అసలు సమస్య బయటపడుతుంది.

ఆక్షేపణను డ్యూటీగా అప్పగించడం

అన్నిటికంటే నాకు ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. పెద్ద మంత్రులు రాజ్యవ్యవహారాలు మాట్లాడటానికి లోపలికి వచ్చినప్పుడల్లా, తప్పులు ఎత్తిచూపే ఉద్యోగంలో ఉన్న అధికారులు కూడా వెంట రావాలని తైజోంగ్ ఆదేశించాడు. నిర్ణయం అయిపోయాక ఫిర్యాదు చెయ్యడం వేరు, నిర్ణయం జరుగుతున్న గదిలోనే కూర్చోవడం వేరు. పైగా అభ్యంతరం చెప్పడం వాళ్ల ఉద్యోగం కాబట్టి, ఎందుకు చెప్పావని ఎవరూ అడగలేరు.

మా బడిలో అలాంటి పోస్టు లేదు కదా. అందుకని ప్రతి స్టాఫ్ మీటింగుకీ వంతులవారీగా ఒకరికి ఆ పని అప్పగిస్తాం. అజెండాలోని ముఖ్యమైన అంశానికి కనీసం రెండు అభ్యంతరాలు వాళ్లు తప్పనిసరిగా చెప్పాలి, లోపల అంగీకారమున్నా సరే. ఆ పేరు మినిట్స్ బుక్కులో ముందే రాస్తాం. మాట్లాడే వరుస కూడా మార్చాం. సర్వీసులో అందరికంటే చిన్నవాళ్లు మొదట, హెచ్.ఎం. చివర. పెద్దవాళ్లు ముందు మాట్లాడేస్తే చిన్నవాళ్లు తలూపడం తప్ప ఏమీ మిగలదు.

ఒకసారి పదో తరగతికి సాయంత్రం స్టడీ అవర్ పెడదామన్న అంశం వచ్చింది. అందరూ సరేనన్నారు. ఆ రోజు వంతు తెలుగు చెప్పే కొత్త టీచరుది. ఆమె నోట్‌బుక్ తెరిచి, "నేను ఒప్పుకుంటున్నాను మేడమ్, కానీ అభ్యంతరం చెప్పాలి కాబట్టి చెబుతున్నా" అంటూ మొదలుపెట్టింది. పక్క ఊరి ఆడపిల్లలు ఎక్కే పల్లెవెలుగు బస్సు స్టడీ అవర్ మధ్యలోనే వెళ్లిపోతుంది. తర్వాత బస్సు చీకటి పడ్డాకే. ఆ పిల్లలు నెల తిరక్కుండా స్టడీ అవరే కాదు, బడి కూడా మానేస్తారు అంది. గదిలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత లెక్కల మాస్టారు, "అమ్మాయి చెప్పింది నిజమే, పొద్దున పెట్టుకుందాం, నేనొస్తా" అన్నారు. బస్సు టైము అందరికీ తెలిసిందే. చెప్పడానికి మాత్రం ఆ డ్యూటీ కావాల్సివచ్చింది.

ఈ పద్ధతి పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. వంతు మారుతూ ఉండాలి. ఎప్పుడూ ఒకరికే ఇస్తే "వాడెప్పుడూ అంతేలే" అన్న ముద్ర పడి ఆ మాటకు విలువ పోతుంది.

మీకు బాగా తెలిసిన విషయం గురించే అడగండి

తైజోంగ్ దగ్గర ఏరికోరి దాచుకున్న విల్లులు పదికి పైగా ఉండేవి. ఒకరోజు వాటిని విల్లులు చేసే పనివాడికి చూపించాడు. ఇవేవీ మంచివి కావన్నాడు ఆ మనిషి. చెక్క నడిబొడ్డు తిన్నగా లేకపోతే దాని చారలన్నీ వంకరగా పోతాయి, విల్లు ఎంత గట్టిదైనా బాణం సూటిగా వెళ్లదు అని వివరించాడు. తైజోంగ్‌కి ఆలోచన పట్టుకుంది. విల్లుతోనే దేశాన్ని గెలిచాను, ఇన్నేళ్లు వాడాను, అయినా విల్లు సంగతే నాకు తెలియలేదు. పాలన నిన్నగాక మొన్న మొదలుపెట్టాను, అదెంత తెలుసు నాకు? ఆ తర్వాత ఐదో శ్రేణి, అంతకంటే పై హోదాల్లోని అధికారులు వంతులవారీగా రాత్రుళ్లు కార్యాలయంలోనే ఉండాలని ఏర్పాటు చేసి, వాళ్లను పిలిపించి కూర్చోబెట్టుకుని బయట జనం ఎలా ఉన్నారో అడిగేవాడు.

దీన్ని అమల్లో పెట్టాలంటే, మీ సంస్థలో విల్లులు చేసే మనిషి ఎవరో ముందు గుర్తించాలి. పని చేతులతో చేసేవాళ్లు, మీటింగులకు పిలవనివాళ్లు. మా బడిలో అది వంటమనిషి. మధ్యాహ్న భోజనం రిజిస్టర్లు, సరుకుల లెక్కలు అన్నీ నేను చూసేదాన్నే. అయినా ఒకరోజు వంటగది గడప మీద కూర్చుని, "ఈ భోజనాల్లో మనం మార్చాల్సింది ఏముందమ్మా?" అని అడిగాను. ఆమె గరిటె పక్కన పెట్టి, "ఆరో తరగతి పిల్లల్ని ముందు పంపండి మేడమ్. పెద్దోళ్లు తోసుకుంటా వస్తారు, చిన్నోళ్ల వంతు వచ్చేసరికి కూర అడుక్కి పోద్ది, నీళ్లచారే మిగులుద్ది" అంది. ఆ మర్నాటి నుంచి చిన్న తరగతులకు బెల్లు కాస్త ముందు కొట్టించాం. ఏ రిజిస్టర్లోనూ ఈ సంగతి కనపడదు.

"ఏమైనా సమస్యలున్నాయా?" అని మాత్రం అడగకండి. "ఏం లేవు మేడమ్" అనేస్తారు. మార్చాల్సింది ఏమిటి అని అడగండి.

కోపంలో ఉన్నప్పుడు

631లో జాంగ్ యున్‌గు అనే న్యాయాధికారికి తైజోంగ్ కోపంలో మరణశిక్ష వేయించాడు. వెంటనే పశ్చాత్తాపపడ్డాడు, కానీ పోయిన ప్రాణం రాదు. అప్పుడు చేసిన నియమం ఇది: రాజధానిలో ఏ మరణశిక్షనైనా అమలు చేసే ముందు రెండు రోజుల వ్యవధిలో ఐదుసార్లు చక్రవర్తికి మళ్లీ నివేదించాలి, బయటి ప్రాంతాలవైతే మూడుసార్లు. తన కోపాన్ని అదుపులో పెట్టుకుంటానని మాట ఇచ్చి ఊరుకోలేదు. ఆ కోపానికి అడ్డంగా ఒక గడువును నిలబెట్టాడు.

మనకు ఇంత అవసరం లేదు. మెమో రాయండి, సొరుగులో పెట్టండి, మర్నాడు పొద్దున మళ్లీ చదవండి, ఆ టీచరు అంటే సదభిప్రాయం ఉన్న ఇంకొకరికి చూపించండి. అప్పటికీ ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి. రాత్రి పూట వాట్సాప్ గ్రూపులో ఎవర్నీ మందలించకండి.

చెప్పినవాళ్లకి ఏమవుతుందో అందరూ చూస్తుంటారు

వెయ్ జెంగ్ అన్న పేరు తెలుసుకోవాలి. ఈయన మొదట తైజోంగ్ చంపిన ఆ అన్నగారి దగ్గర పనిచేశాడు. తమ్ముడు తైజోంగ్‌ని ముందే తప్పించమని ఆ అన్నకు సలహా ఇచ్చినవాడు. అన్న చనిపోయాక తైజోంగ్ పిలిచి, మా అన్నదమ్ముల మధ్య చిచ్చు ఎందుకు పెట్టావని నిలదీశాడు. యువరాజు నా మాట విని ఉంటే ఇవాళ ఈ గతి పట్టేది కాదని జవాబిచ్చాడు వెయ్ జెంగ్. అక్కడున్నవాళ్లంతా వణికిపోయారు. తైజోంగ్ మాత్రం ఆయన్ని కొలువులోకి తీసుకున్నాడు. తర్వాత 643లో చనిపోయేదాకా ఆయన 200కి పైగా అభ్యంతరాలు చక్రవర్తి ముందు పెట్టాడు.

ఒక విందులో తైజోంగ్ అడిగాడు: నేను నీ మాట ఒప్పుకోనప్పుడు నువ్వు మౌనంగా ఉండిపోతావేం, అప్పటికి ఊ అని తర్వాత చెప్పొచ్చు కదా? మనసులో కాదనుకుంటూ పైకి ఔననడం తన వల్ల కాదన్నాడు వెయ్ జెంగ్. చక్రవర్తి నవ్వేశాడు. అప్పుడు వెయ్ జెంగ్ లేచి నమస్కరించి, మీరు మాట్లాడనిస్తున్నారు కాబట్టి మాట్లాడుతున్నాను, వినకపోతే నేను మాత్రం పదేపదే సాహసిస్తానా అన్నాడు. పై అధికారులంతా చదవాల్సిన వాక్యం అది.

హ్యుయాన్‌త్సాంగ్ విషయంలోనూ ఇదే గుణం కనిపిస్తుంది. సరిహద్దు దాటకూడదన్న ఆంక్షను మీరి భారతదేశానికి వచ్చిన భిక్షువు ఆయన. మన ధాన్యకటకంలో, అంటే ఇప్పటి అమరావతి, ధరణికోట ప్రాంతంలో, కొన్ని నెలలు ఉండి చదువుకున్నాడు. 645లో తిరిగి వెళితే తైజోంగ్ శిక్షించలేదు. ఎదురు కూర్చోబెట్టుకుని చూసినవన్నీ చెప్పమని, రాయమని అడిగాడు. ఏడో శతాబ్దపు ఆంధ్రదేశం గురించి మనకు అంత వివరం దొరికిందంటే ఆ వినే అలవాటు కూడా ఒక కారణం.

మీరు చెయ్యాల్సింది: ఎవరి అభ్యంతరం వల్ల ఏం మారిందో పేరుతో సహా తర్వాతి మీటింగులో చెప్పండి. ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పండి. విన్నపాలు ఎక్కువైతే తైజోంగ్ వాటిని గది గోడకి అంటించుకుని వస్తూ పోతూ చూసుకునేవాడు. నేను బీరువా తలుపు లోపలివైపు అంటించుకుంటాను. తాళం తీసిన ప్రతిసారీ కనిపిస్తాయి.

మీరే కింద ఉంటే

వెయ్ జెంగ్‌ది మొండితనమని చాలామంది అనుకుంటారు. ఆయన వాదించే తీరు చూడండి. పద్దెనిమిదేళ్లు నిండకపోయినా ఒడ్డూపొడుగూ ఉన్న కుర్రాళ్లను సైన్యంలోకి లాగాలని ఒకసారి ఆజ్ఞ తయారైంది. వెయ్ జెంగ్ సంతకం పెట్టనన్నాడు. మళ్లీ మళ్లీ పంపినా పెట్టలేదు. చక్రవర్తి మండిపడితే దయాగుణం గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. నమ్మకంతో పాలిస్తానన్నారు కదా, గద్దె ఎక్కగానే పన్ను మాఫీ ప్రకటించి తర్వాత వచ్చే ఏడాది నుంచి అని మార్చారు, ఇప్పుడిది, జనం మీ మాట ఎలా నమ్ముతారు అని ఒక్కొక్కటీ లెక్కచెప్పాడు. తైజోంగ్ ఆజ్ఞ వెనక్కి తీసుకున్నాడు.

కాబట్టి పై అధికారితో వాదించేటప్పుడు ఆయన ఇచ్చిన మాటనే ఆధారం చేసుకోండి. పోయిన సర్క్యులర్లో ఆయన రాసిందేమిటో తీసి చూపించండి. "మీరు తప్పు" అనే అవసరమే రాదు.

ఏడాదికోసారి తనిఖీ

ఏర్పాట్లు పెట్టగానే సరిపోదు, అవి సడలిపోతాయి. 639లో వెయ్ జెంగ్ రాసిన విన్నపంలో చక్రవర్తి మొదటి రోజులతో పోలిస్తే ఏయే పది విషయాల్లో జారిపోయాడో వరసగా ఉంది. మొదట్లో నిరాడంబరం, ఇప్పుడు దూరదేశాల నుంచి మేలుజాతి గుర్రాలు, వింత వస్తువులు. మొదట్లో జనం శ్రమను చూసి బాధపడ్డారు, ఇప్పుడేమో పని లేకపోతే జనం పొగరెక్కుతారు, పని పెడితేనే మాట వింటారంటున్నారు. తైజోంగ్ దాన్ని తెర మీద రాయించి పొద్దున్నా సాయంత్రం చూసుకున్నాడు. రాసినాయనకు బంగారం, రెండు గుర్రాలు ఇచ్చాడు.

జూన్‌లో బడి తెరవబోయే ముందు నేను మొదటి ఏడాది మినిట్స్ బుక్కు తీసి, ఇప్పటిదాని పక్కన పెట్టి చదువుతాను. అప్పుడు ఒక్కో అంశానికి ఎన్ని అభ్యంతరాలు రాశాం, ఇప్పుడు ఎన్ని రాస్తున్నాం? చివరిసారి నా ప్రతిపాదన ఎప్పుడు వీగిపోయింది? చిన్నవాళ్లు ముందు మాట్లాడే వరుస నడుస్తోందా, మళ్లీ మొదటికొచ్చిందా?

తర్వాత బదిలీ మీద వేరే బడికి వెళ్లిన టీచర్లకు ఫోన్ చేస్తాను. వాళ్ల సెలవు, ఇంక్రిమెంటు ఇప్పుడు నా చేతిలో లేవు కాబట్టి మొహమాటం ఉండదు. "మీరున్నప్పుడు నాతో చెప్పకుండా వదిలేసింది ఏమైనా ఉందా?" అని అడిగి, పెన్ను పట్టుకుని కూర్చుంటాను. కంపెనీల్లో ఉన్నవాళ్లు ఉద్యోగం మారిపోయిన పాత సహోద్యోగులను ఇలా అడగొచ్చు. వెళ్లిన మరునాడే కాకుండా ఒక రెండు మూడు నెలలు ఆగి అడగండి, అప్పటికి చెప్పే మాటలో కోపం తగ్గి వివరం పెరుగుతుంది.