అరకులో మనవాళ్ళ ఇల్లుంటే ఊరు ఎలా చూడాలి

హైదరాబాద్ నుంచి అరకు వెళ్ళేవాళ్ళలో చాలామంది విశాఖలో దిగి, కారు మాట్లాడుకుని, ఒక్క పూటలో గుహలు, కాఫీ తోట, మ్యూజియం తిరిగేసి చీకటి పడకముందే ఘాట్ దిగిపోతారు. పైన పిన్నిగారి ఇల్లో, ఉద్యోగం మీద వెళ్ళిన బావగారి క్వార్టరో ఉన్నవాళ్ళకు ఆ పరుగు అక్కర్లేదు. విశాఖ బండ్లు పైకి చేరేసరికి పొద్దు బాగా ఎక్కుతుంది, సాయంత్రానికి తిరుగుముఖం పడతాయి. వాటికి ముందూ తర్వాతా ఉండే అరకే అసలైన అరకు. కనీసం మూడు రాత్రులు ఉండేలా వెళ్ళండి. సెలవు రోజులు ఇంట్లోవాళ్ళతో గడపండి, వాళ్ళు డ్యూటీకి వెళ్ళినప్పుడు మీరు తిరగండి.

సాయంత్రం నాంపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో ఉంటారు. అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ ప్యాసింజర్ అక్కడ ఏడు కాకముందే కదులుతుంది. గోదావరి గంటన్నర ఆలస్యమైతే అది దొరకదు. అప్పుడు ఆర్టీసీ కాంప్లెక్స్‌కు వెళ్ళి బస్సెక్కండి, ప్రయాణం దాదాపు నాలుగు గంటలు. రైలు దారిలో ఎన్నో సొరంగాలున్నాయి, ఒక్కసారైనా అలాగే వెళ్ళాలి. అద్దాల విస్టాడోమ్ పెట్టె కావాలంటే ప్రయాణానికి 60 రోజుల ముందు బుకింగ్ తెరుచుకోగానే టికెట్ తీసుకోండి, సెలవుల్లో త్వరగా అయిపోతుంది.

సొంత కారైతే శృంగవరపుకోట (ఎస్.కోట)లోనే పెట్రోలు నింపుకోండి, ఆ ఊరు దాటాక ఘాట్ మొదలు. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. న్యూట్రల్‌లో వదిలి బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి. కాలిన వాసన వస్తే వెడల్పైన చోట ఆపి అరగంట చల్లారనివ్వండి. ఎక్కే బండికి దారివ్వండి. మంచు కమ్మితే లైట్లు డిమ్‌లో ఉంచాలి, ఎందుకంటే హైబీమ్ మంచు మీద పడి తిరిగి మన కళ్ళల్లోకే కొడుతుంది. పిల్లలకు పొద్దున్నే పూరీలు పెట్టకండి, రెండు ఇడ్లీలు చాలు. వాంతుల మాత్ర వేయాలనుకుంటే డాక్టర్ని అడిగి ఘాట్‌కు అరగంట, గంట ముందే వేయండి. వాంతులు మొదలయ్యాక వేస్తే మాత్ర కడుపులో నిలవదు.

డిసెంబరు, జనవరుల్లో చలి చాలా గట్టిగా ఉంటుంది. నలుగురు చుట్టాలకు సరిపడా రగ్గులు ఏ ఇంట్లోనూ ఉండవు. మనిషికొకటి మీరే పట్టుకెళ్ళండి. ఉస్మానియా బిస్కట్ల డబ్బా కన్నా అది పిన్నిగారికి ఎక్కువ సాయం.

మొదటి పొద్దు చాపరాయికి పెట్టుకోండి. పాడేరు దారిలో సుమారు 15 కిలోమీటర్లు. పరుపులా పరిచినట్టున్న బండ మీద నీళ్ళు పారుతుంటాయి. నాచు పట్టిన నల్లటి చోట అడుగు వేయవద్దు. నీళ్ళు ఉన్నట్టుండి బురద రంగుకు తిరిగితే ఎగువన వాన పడిందని అర్థం, వెంటనే గట్టెక్కండి. పద్మాపురం తోటకు ఊళ్ళోంచి నడిచే వెళ్ళొచ్చు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి వేసిన తోట అది. నవంబరు, డిసెంబరుల్లో నూనెగింజల పంటైన వలిసె చేలు పసుప్పచ్చగా పూస్తాయి. ఫొటో కోసం చేనులోకి దిగితే తొక్కిన మేరా గింజ పోతుంది. గట్టు మీద నిలబడే తీసుకోండి. మనుషుల్ని తీసేముందు అడగండి.

బొర్రా గుహలు అరకు నుంచి 36 కిలోమీటర్లు. పదింటికి తెరుస్తారు, ఎనిమిదిన్నరకల్లా బయల్దేరితే జనం రాకముందే లోపలుంటారు. మెట్లు తడిగా ఉంటాయి, అరిగిన చెప్పులు జారతాయి. దిగడం సులువే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు తిరిగి ఎక్కడమే కష్టం, వాళ్ళను సగంలో కూర్చోబెట్టడం మంచిది. రాళ్ళను ముట్టుకోకండి. చేతి జిడ్డు అంటిన చోట నీటిచుక్కల్లోని సున్నం మళ్ళీ సరిగా పేరుకోదు.

వారపు సంత ఏ రోజో ఇంట్లోవాళ్ళను ముందే అడిగి ప్రయాణాన్ని దాని చుట్టూ కుదుర్చుకోండి. పొద్దున్నే వెళ్ళండి. పది, ఇరవై నోట్లు దగ్గరుంచుకోండి, ఫోన్‌లో చెల్లిద్దామంటే సిగ్నల్ ఉండకపోవచ్చు. పోగు పెట్టి అమ్మేవాళ్ళ దగ్గర రూపాయి రూపాయికీ బేరమాడకండి. ఆ పోగు కొండ మీంచి నెత్తిన మోసుకొచ్చింది. మిరియాలు తప్పక కొనండి. కాఫీ తోటలో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లకు ఆ తీగలు పాకిస్తారు. కాఫీ పొడి కొనేటప్పుడు ప్యాకెట్ మీద, అందులో కలిపే చికోరీ శాతం చూడండి, అరబికా కాఫీ రుచి తెలియాలంటే చికోరీ లేనిదే తీసుకోవాలి.

ఇది మలేరియా ఉన్న ఏజెన్సీ ప్రాంతం. సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కా వేసుకోండి, రాత్రి దోమతెర కట్టుకోండి. హైదరాబాద్ తిరిగొచ్చిన కొన్ని నెలల్లోపు జ్వరం వస్తే, మామూలు జ్వరమేలే అని మాత్ర వేసుకుని ఊరుకోవద్దు. అరకు వెళ్ళొచ్చామని డాక్టరుకు మీరే ముందుగా చెప్పి, అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి.