ఐ యామ్ బోర్డా, బోరింగా?

అనంతపురంలో మా తమ్ముడి కొడుకు ఇంటర్వ్యూకి ప్రాక్టీస్ చేస్తూ, పాత ఉద్యోగం ఎందుకు మానేశావంటే 'ఐ వాజ్ బోరింగ్' అన్నాడు. అంటే 'నేనే ఎదుటివాళ్లకు విసుగు పుట్టించేవాణ్ణి' అని అర్థం. చాలామంది పిల్లలు ఇక్కడే తడబడతారు.

వాడికి చెప్పింది ఇంతే. ముందు మాట తెలుగులో అనుకో. 'నాకు బోర్ కొట్టింది' అని 'కు' వస్తే 'ఐ వాజ్ బోర్డ్'. 'పని బోర్‌గా ఉంది' అని 'గా' వస్తే 'ద వర్క్ ఈజ్ బోరింగ్'. దేంతో విసుగో చెప్పాలంటే బోర్డ్ పక్కన 'విత్' పెట్టాలి: 'ఐ వాజ్ బోర్డ్ విత్ ద వర్క్'. మన వైపు చేతిపంపును బోరింగు అంటాం కదా, నీళ్లు ఇచ్చేది బోరింగు, అలాగే విసుగు ఇచ్చేది బోరింగ్ అన్నాను. అది బాగా గుర్తుండిపోయింది వాడికి. టైర్డ్, టైరింగ్ మధ్య తేడా కూడా ఇలాంటిదే, కాకపోతే దేంతో విసుగో చెప్పేటప్పుడు టైర్డ్ పక్కన 'ఆఫ్' వస్తుంది.

ఈ 'కు', 'గా' గుర్తు ఒక్కోచోట పనిచేయదు. 'ఆయన మాటలు నాకు బోర్ కొడతాయి' అన్నప్పుడు 'కు' ఉన్నా, ఇంగ్లీషు వాక్యం ఆయన మాటలతో మొదలుపెడితే బోరింగ్ అనే అనాలి.